సంచులక్క వరండా

ఆ సందులో ఆమెకు మొదట ఉన్న పేరు మిషనక్క. సందు మొదట్లోనే ఇల్లు, ఇంటి ముందు వరండా, వరండాలో కుట్టుమిషను. చిరిగిన చొక్కాలు, బిగుతైన గౌన్లు, కిటికీ తెరలు, అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. మిషను తొక్కుతూనే వచ్చేపోయేవాళ్లను పలకరించేది. ఆమెతో ఒకటే చిక్కు. ఎవరైనా ఏదైనా అడిగితే కాదనడానికి నోరు వచ్చేది కాదు.

"నీ మొహమాటమే నిన్ను ముంచుతుందక్కా," అని చెల్లెలు ఎప్పుడూ అనేది.

భర్త బస్సు కండక్టరు. "నలుగురితో మంచిగా ఉంటే పోయేదేముంది?" అనేవాడు. ఆ నలుగురితో ఆయనకు పనిపడేది కాదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు.

ఆ రోజుల్లో చెత్త కోసం ఒకావిడ తోపుడుబండి తోసుకుంటూ ఇంటింటికీ వచ్చేది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. రెండూ కలిపి తెచ్చినవాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసేది. ఒకసారి ఆవిడ కాలు విరిగింది. సందు ఇరుకు కాబట్టి పెద్ద వ్యాను లోపలికి రాదు. తడి చెత్త వ్యాను రోజూ సందు మొదట్లో ఆగేది కనుక ఎవరి బకెట్టు వాళ్లు మోసుకెళ్లి పోసుకునేవారు. పొడి చెత్త వ్యానుతోనే తంటా. అది వారానికి ఒకసారి వస్తుంది, ఏ రోజు ఏ వేళకొస్తుందో డ్రైవరుకే తెలియదు.

అప్పుడు సందు సంఘం సెక్రటరీ గారు ఆమె వరండా ముందుకొచ్చి నిలబడ్డారు. రిటైరైన హెడ్మాస్టరు, మాట మెత్తన.

"ఈ కాగితాలు, సీసాలు, డబ్బాలు ఒకచోట పెడితే వ్యానువాళ్లు వచ్చి పట్టుకుపోతారమ్మా. సందు మొదట్లో ఉన్నది నువ్వే. ఆవిడ కాలు బాగయ్యేదాకా నీ వరండాలో పెట్టుకోనిస్తావా? మహా అయితే నెల."

"నెలేగా సార్, పెట్టించండి," అంది.

మొదటి వారం వరండాలో ఒక మూల సంచులు చేరాయి. తర్వాత రెండో మూల. నెల దాటింది. తోపుడుబండి ఆవిడ తిరిగి రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. వేలు అందిస్తే చెయ్యి మింగినట్టు, ఒక రోజు సంఘం వాళ్లొచ్చి వరండా స్తంభానికి 'పొడి చెత్త కేంద్రం' అని బోర్డు కొట్టి వెళ్లారు. మేకులు దిగుతుంటే ఆమె సుత్తి అందించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. జనం ఎలా పడితే అలా కట్టి తెచ్చేవారు. పెరుగు డబ్బా కడగకుండా తెచ్చేవారు. పగిలిన గాజుగ్లాసు పాత పేపర్ల మధ్య దాచి తెచ్చేవారు. కలిసిపోయిన సంచిని వ్యానువాళ్లు ముట్టుకోరు, అక్కడే వదిలేస్తారు. కాబట్టి ఆమే విప్పి, ఏరి, కడిగి, మళ్లీ కట్టేది. వేళ్లకు గాజు గుచ్చుకుంటే కుట్టు సాగేది కాదు. ఒకామె కుట్టించుకున్న తెల్ల గౌను మీద చీమలు పాకుతూ కనిపించాయి. ఆ గౌను మనిషి నవ్వుతూనే తీసుకెళ్లింది, మళ్లీ రాలేదు. అలా ఒక్కొక్కరే తగ్గారు. మిషను వరండాలోంచి ముందుగదిలోకి జరిగింది.

సందులో పిల్లలు ఆమెను సంచులక్క అనడం మొదలుపెట్టారు. పెద్దలకూ అదే అలవాటైంది.

అన్నిటికంటే చిక్కు ఆ వ్యాను. అది వచ్చి హారన్ కొడితే సంచులందించడానికి మనిషుండాలి. లేకపోతే మరో వారం దాకా గతిలేదు. దాంతో ఆమె బజారుకెళ్లినా చెవులు ఇంటి దగ్గరే ఉండేవి. స్నానానికి వెళ్లాలన్నా ముందు వీధిలోకి తొంగిచూసేది. చెల్లెలు ఉన్న ఊరు బస్సులో ఒక పూట ప్రయాణం. వస్తానని మాట ఇవ్వడం, రాలేనని ఫోను చెయ్యడం, రెండూ మామూలైపోయాయి.

"మా ఇంటికొచ్చి ఎన్నాళ్లైందో తెలుసా? నీకు నాకంటే చెత్త ఎక్కువైంది," అంది చెల్లెలు ఒకసారి. నవ్వుతూ అనలేదు.

చివరికి ఆమె గట్టిగా అనుకుంది. సంఘం మీటింగులో లేచి, ఇక నావల్ల కాదని చెప్పెయ్యాలి. చెప్పాల్సిన మాటలు మిషను తొక్కుతూ మనసులో కుట్టుకుంది. మీటింగుకు భర్త కూడా వచ్చాడు. ఆమె లేవబోతుండగానే సెక్రటరీ గారు లేచారు.

"మన సందుకు శుభ్రమైన వీధి అని పేరొచ్చింది. పక్క వీధులవాళ్లు వచ్చి చూసిపోతున్నారు. దీనికంతటికీ కారణం ఎవరో నేను చెప్పక్కర్లేదు," అని చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. వెనక వరసలో ముసలాయన లేచి నిలబడి మరీ కొట్టాడు.

"రెండు ముక్కలు మాట్లాడమ్మా," అన్నారు సెక్రటరీ గారు.

ఆమె నిలబడింది. కుట్టుకొచ్చిన మాటలన్నీ ఊడిపోయాయి. "పెరుగు డబ్బాలు కాస్త కడిగి తెండి," అని కూర్చుంది. అందరూ నవ్వారు.

ఇంటికొస్తూ భర్త, "నీకెంత మర్యాద చూశావా! నా సర్వీసంతటిలో నాకెవడూ చప్పట్లు కొట్టలేదు," అన్నాడు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనిపించింది. మింగలేని ముద్దను ఆమె కక్కనూ లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు చెల్లెలికి ఆపరేషను పడింది. పెద్ద ప్రమాదమేం లేదు, పిత్తాశయంలో రాళ్లు. కానీ చెల్లెలు ఒంటరి మనిషి. "లోపలికి తీసుకెళ్లే ముందు నువ్వు నా పక్కనుండాలక్కా. అంతే, ఇంకేం అడగను," అంది. ఆమె వస్తానంది. ఈసారి ఏదేమైనా వెళ్లి తీరాలనుకుంది. ముందురోజే బట్టలు సర్దుకుంది.

సరిగ్గా ఆ వారమే వ్యానువాళ్లు పని ఆపేశారు. జీతాల గొడవ. సంచులు వరండా నిండి మెట్ల మీదికి, మెట్ల మీంచి దారిలోకి పాకాయి. బయలుదేరాల్సిన రోజు తెల్లవారుతూనే భర్త డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆమె తయారై బ్యాగు భుజాన వేసుకుని ముందుగది గ్రిల్ తలుపు తోసింది. కదల్లేదు. ఆ తలుపు బయటికి తెరుచుకుంటుంది. భర్త వెళ్లాక ఎవరెవరో తెచ్చి పెట్టిన సంచులు దానికి ఆనుకుని నడుమెత్తు పేరుకున్నాయి. పైన ఎవరో పాత పరుపు కూడా పడేశారు. భుజంతో తోసింది. కాలితో తన్నింది. లోపల సీసాలు గలగలమన్నాయి తప్ప తలుపు బెత్తెడు కూడా జరగలేదు. ఇంటి వెనక పక్కింటి గోడ. అటు దారి లేదు.

కమ్మీల మధ్యలోంచి చెయ్యి పెట్టి అందిన సంచినల్లా లాగింది. ఒకటి చిరిగి కాగితాలు కాళ్ల మీద పడ్డాయి. "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచింది. పిలవడం అలవాటు లేని గొంతు, గట్టిగా రాలేదు. అప్పుడే ఎదురింటి కోడలు చేతిలో అట్టపెట్టెతో వచ్చింది. మెట్ల దగ్గర ఆగి పెట్టెను గురి చూసి పరుపు మీదికి విసిరింది.

"అమ్మాయ్! తలుపు రావట్లేదు!"

"అయ్యో, లోపలున్నావా అక్కా? చూళ్లేదు." ఆ అమ్మాయి దగ్గరికొచ్చి పరుపు ఒక కొస పట్టుకుని చూసింది. "అబ్బ, ఎంత బరువో. ఉండు, మా ఆయన స్నానం చేస్తున్నాడు, పంపిస్తా."

స్నానం అయ్యాక ఆయన వచ్చాడు. మరో ఇద్దరొచ్చారు. పరుపు ఎవరిదన్న మాట దగ్గర కాసేపు వాదులాడుకున్నారు. అందరూ తమది కాదన్నారు. ఆమె కమ్మీలు పట్టుకుని నిలబడి చూస్తోంది. జంతుప్రదర్శనశాలలో చూడ్డానికొచ్చినవాళ్లు అవతల, తను ఇవతల ఉన్నట్టనిపించింది. తలుపు తెరుచుకునేసరికి బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు మధ్యాహ్నానికి.

ఆస్పత్రి చేరేసరికి ఆపరేషను అయిపోయింది. చెల్లెలు మంచం మీద ఉంది. తల తిప్పి చూసింది.

"తలుపుకి సంచులడ్డం పడ్డాయే," అంది అక్క. చెప్తుంటే తనకే వెర్రిమాటలా వినిపించింది.

"సంచులెవరివి?"

"సందువాళ్లవి."

"వరండా ఎవరిది?"

చెల్లెలు కళ్లు మూసుకుంది. తిట్టి ఉంటే బాగుండేదని అక్కకు అనిపించింది.

చెల్లెలు లేచి తిరిగేదాకా అక్కడే ఉండి వచ్చింది. వ్యానులు మళ్లీ తిరుగుతున్నాయి. సంచులందిస్తూ, ఏదో అడగాలి కాబట్టి, వ్యాను మీది మనిషిని అడిగింది. "మా తోపుడుబండి ఆవిడ కాలు ఇంకా బాగవలేదా?"

"ఎప్పుడో బాగైందమ్మా. ఆమెను అటు కొత్త కాలనీలో వేశారు."

"మరి మా సందుకు?"

"చెత్త చేర్చే పాయింటు ఉన్న సందుకు బండి ఎందుకిస్తారు? మీ సందులో పాయింటు ఉంది, బండి అక్కర్లేదని మీ సెక్రటరీ గారే మున్సిపల్ ఆఫీసుకొచ్చి చెప్పారుగా. పాయింటు తీసేస్తే బండి మళ్లీ వస్తుంది. రూలు అంతే."

చేతిలో సంచి ఉండగానే ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. తను ఒప్పుకోబట్టే బండి రాలేదు. ఒప్పుకుంటున్నన్నాళ్లూ రాదు. కాదంటే సందు కష్టపడుతుందని ఇన్నాళ్లూ భయపడింది. అవునన్నందుకే ఈ మెడకు ఈ డోలు తగులుకుంది.

సెక్రటరీ గారితో మాట్లాడదామని రెండడుగులు వేసింది. ఆయన మెత్తగా నవ్వుతారు, ఏదో అంటారు, తను సరేనంటుంది. తన సంగతి తనకు తెలుసు. అందుకే వెనక్కి తిరిగి తాపీమేస్త్రి ఇంటికి వెళ్లింది.

వరండా చుట్టూ గోడ లేచింది. మనిషి పట్టేంత తలుపు, ఎత్తులో చిన్న కిటికీ. మేస్త్రి బోర్డు ఊడబెరికి, "దీన్నేం చెయ్యమంటారు?" అంటే, "నాకెందుకు?" అంది. సాయంత్రం భర్త వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "నా పరువు తీశావు," అని లోపలికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

మర్నాడు సెక్రటరీ గారు వచ్చారు.

"ఏమిటమ్మా ఇది?"

"గోడ సార్."

"ఒక్క మాట అడగాల్సింది."

"నా ఇంటికి గోడ కట్టుకోడానికి ఎవర్నడగాలి సార్?"

"నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాం!"

"అదే సార్, బరువైపోయింది."

ఆయన నవ్వలేదు. వెళ్లిపోయారు.

సంచులు మాత్రం ఆగలేదు. గోడ బయట కుప్ప పెరిగింది, వాన పడింది, కుళ్లు కంపు సందంతా పాకింది. మాట తిన్నగా ఆమెతో అనేవాళ్లు లేరు, వినపడేలా అనుకునేవాళ్లే. "ఒక్క మనిషి మొండితనానికి ఇంతమంది బలి." ఆమె తలుపేసుకుని లోపల కూర్చుంది. ఒకటిరెండుసార్లు లేచి గొళ్లెం మీద చెయ్యి వేసింది. వెళ్లి ఆ సంచులు ఏరి కట్టేస్తే పీడా పోతుంది కదా అనిపించింది. చెయ్యి తీసేసి మళ్లీ కూర్చుంది. చివరికి కంపు భరించలేక సంఘమే ఆఫీసుకు వెళ్లింది. సందులోకి తోపుడుబండి వచ్చింది. తోసేది కొత్త మనిషి.

ఆమె కూడా బకెట్టు పట్టుకుని బండి దగ్గరికి వెళ్లేది. ఆమె వస్తే మాటలు ఆగిపోయేవి. దారి ఇచ్చేవారు. చెత్త పోసి వచ్చేసేది. భర్త మాట్లాడుతున్నాడు గానీ, మునుపటిలా కాదు. కుట్టుపనికి ఆ సందువాళ్లు కాదు, పక్క వీధుల వాళ్లు కొందరు వచ్చేవారు.

ఒంట్లో బాగయ్యాక చెల్లెలు చూడ్డానికి వచ్చింది. గదిగా మారిన వరండానంతా ఒకసారి చూసింది.

"పగలే లైటేసుకుని కుడుతున్నావా? కిటికీ కాస్త పెద్దది పెట్టించుకోవాల్సిందక్కా."

"పెద్దది పెడితే అందులోంచి సంచి దూరుతుందని నేనే వద్దన్నానే."

చెల్లెలు పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వింది. అంతలో గోడ అవతల ఎవరివో అడుగుల చప్పుడు. ఏదో ప్లాస్టిక్ కవరు గరగరమంది. అక్క నవ్వు ఆగిపోయింది. మిషను మీది కాలూ ఆగింది. అడుగులు గోడ దాటి, దూరమై, పూర్తిగా వినపడకుండా పోయేదాకా తల ఎత్తకుండా అలాగే కూర్చుంది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది.