గంగ ఒడ్డు హోటల్లో మా అత్తయ్య పళ్ళెం

మొన్న మా మనవరాలు మొదటి జీతం అందుకున్న సంబరంలో మమ్మల్నందరినీ విజయవాడలో కృష్ణ ఒడ్డున ఉన్న ఓ పెద్ద హోటలుకి తీసుకెళ్ళింది. ఎవరికి కావలసింది వాళ్ళు చెప్పుకున్నారు, ఎవరిది ముందొస్తే వాళ్ళు మొదలుపెట్టేశారు. నేను చెప్పిన దోసె అందరికన్నా ఆఖర్న వచ్చింది, అప్పటికే నా ఎదుట కూర్చున్న మనవడు తినేసి చెయ్యి కడుక్కుని ఫోను చూసుకుంటున్నాడు. నాకు కోపం రాలేదు సరిగదా, ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని మనవరాలు అడిగింది కానీ, ఆ హడావిడిలో చెప్పే కథ కాదది. మీకైతే చెబుతాను, నా ఈడు వాళ్ళకి సగం చెప్పేసరికే మిగతా సగం తెలిసిపోతుంది కూడా.

అరవైల చివర, నాకు పెళ్ళయి మూడు నెలలు. మా అత్తవారిది ఆమదాలవలస దగ్గర ఓ పల్లె, వరి పండించుకునే సంసారం. మా అత్తయ్య పుట్టిల్లు ఇచ్ఛాపురం వైపు, అందుకని ఆవిడకి ఒరియా కూడా ధారాళంగా వచ్చు. తల్లి పోతే పసివాడైన తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆ తమ్ముడు పెద్దవాడై కలకత్తాలో జూటు కంపెనీలో గుమాస్తాగా చేరి, అంచెలంచెలుగా పైకొచ్చి ఆఫీసరయ్యాడు. మేమంతా ఆయన్ని కలకత్తా మావయ్య అనేవాళ్ళం. ఆయనకి ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒకటే కోరిక, గంగ ఒడ్డున దొరలు తినే ఆ పెద్ద హోటల్లో అప్పకి, అంటే అక్కకి, ఒక్కపూట కడుపు నిండా భోజనం పెట్టాలని. గుమాస్తాగా ఉన్నప్పుడు దాని గుమ్మం ముందు నుంచి ఎన్నిసార్లు నడిచి వెళ్ళాడో తన ఉత్తరాల్లో రాసేవాడట.

ఆఫీసరయ్యాక అత్తయ్యనీ, మావగారినీ, కొత్త దంపతులమని మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు. ఆమదాలవలసలో మెయిలెక్కాం. ఒక జాడీ ఆవకాయ, ఒక బస్తా బియ్యం, కలకత్తాలో దొరకవేమోనని రెండు చీపుళ్ళు కూడా అత్తయ్య మోయించింది. చీపుళ్ళ సంగతి మా ఆయన ఇప్పటికీ మర్చిపోలేదు, హౌరా స్టేషన్లో అవి పట్టుకుని దిగింది ఆయనే మరి.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మావగారు తిని లేచాకే అత్తయ్య తినేది, అదీ ఆయన తిన్న పళ్ళెంలోనే. అత్తయ్య ముద్ద ఎత్తాక గానీ కోడలినైన నేను తినకూడదు. మావగారు తినడమే ఆలస్యం, చెయ్యి కడుక్కుని పొలానికో వీధి అరుగు మీదికో వెళ్ళిపోయేవారు. ఇది కష్టమని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు, అందరిళ్ళలోనూ ఇంచుమించు అంతే.

ఆ రోజు పొద్దున్నే కాళీ గుడికి వెళ్ళాం. దర్శనమయ్యేదాకా అత్తయ్య మంచినీళ్ళు కూడా ముట్టలేదు, ఆవిడ ముట్టలేదు కాబట్టి నేనూ ముట్టలేదు. మధ్యాహ్నం సరాసరి హోటలుకి తీసుకెళ్ళాడు కలకత్తా మావయ్య. మావగారు పొందూరు ఖద్దరు పంచె, ఉత్తరీయం వేసుకున్నారేమో, ఏ రాజకీయ నాయకుడో అనుకుని గుమ్మంలో జవాను సెల్యూట్ కొట్టాడు, మావగారు కూడా ఏ మాత్రం తడబడకుండా తిరిగి కొట్టారు! కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కింద గంగ, దాని మీద పడవలు, ఆవిరి ఓడలు. అత్తయ్య చెప్పులు బల్ల కింద విడిచి నదికి దండం పెట్టింది. మావగారిని గౌరవంగా కిటికీ మూలకి కూర్చోబెట్టి, ఆయన పక్కన అత్తయ్య, ఆ పక్కన నేను సర్దుకున్నాం.

ముందు సూపు వచ్చింది. మావగారు గిన్నె ఎత్తి గడగడా తాగేశారు. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, నేనూ కూర్చున్నాను. తలపాగా చుట్టుకున్న బేరర్ వచ్చి అయిందా అని ఇంగ్లీషులో అడిగితే, విజయనగరంలో బి.ఏ. చదివిన మా ఆయన ఠీవిగా ఎస్ అన్నారు. అన్ని గిన్నెలూ వెళ్ళిపోయాయి, మా ఇద్దరివి నిండుగానే.

తర్వాత చేప వచ్చింది. ఆ వాసనకి నా కడుపులో పేగులు అరవడం పక్కవాళ్ళకి వినిపిస్తుందేమోనని భయపడ్డాను. మావగారి పళ్ళెం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని అత్తయ్య ఓరకంట చూస్తోంది, అత్తయ్య ఎప్పుడు ముద్ద ఎత్తుతుందా అని నేను చూస్తున్నాను. మావగారు ముళ్ళు ఏరి పక్కన పెట్టారో లేదో బేరర్ మళ్ళీ ప్రత్యక్షం, మళ్ళీ మా ఆయన ఎస్! ఆ ఎస్‌ని నేను ఈ జన్మలో క్షమించను. కలకత్తా మావయ్య ముఖం చిన్నబోయింది. అప్పకి నచ్చలేదేమో, తనేదో తప్పు చేశాడేమో అని ఆయన అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

మూడోసారి అన్నమూ మాంసం కూరా వచ్చాయి. మావగారు తినడం ముగించగానే బేరర్ చెయ్యి చాపాడు. ఈసారి అత్తయ్య రెండు చేతులతో మావగారి పళ్ళెం అంచు పట్టేసుకుంది. వాడు మర్యాదగా లాగాడు, ఈవిడ ఊరి మర్యాదలో లాగింది. హాలులో వాళ్ళంతా తినడం మానేసి ఇటు తిరిగారు.

“అప్పా, నీ పల్లెం నీకున్నాది కదే! సల్లారిపోతంది, తినే!” అన్నాడు కలకత్తా మావయ్య, ఏడుపు ఒక్కటే తక్కువ.

“ఏట్రా నువ్వు సెప్పేది? మీ బావ తిన్న పల్లెంలో కాక ఇంకెక్కడ తింతాను? ఈడేటి, నా నోటికాడ కూడు లాగేస్తన్నాడు!” అంది అత్తయ్య, ఆ కోపంలోనే బేరర్‌ని ఒరియాలో నాలుగు దులిపింది.

అతనిదీ ఒరిస్సాయేనట. ఆ మాటలు వినగానే పళ్ళెం వదిలేసి, చేతులు జోడించి, మా అమ్మా ఇంతేనని ఒరియాలో చెప్పి నవ్వాడు. ఆ తర్వాత ఎవరినీ మా బల్ల దగ్గరికి రానివ్వకుండా తనే అడ్డంగా నిలబడ్డాడు.

అత్తయ్య తన అన్నం ఆ పళ్ళెంలోకి వంచుకుని మొదలుపెట్టింది. మావగారు అలవాటుగా లేవబోయారు. కానీ ఎటు లేస్తారు? ఒక పక్క కిటికీ, ఒక పక్క అత్తయ్య, ముందు బల్ల. కూర్చోక తప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన అత్తయ్య తినడం అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ ముందు ఆయన విడిచిన కొవ్వు ముక్కలూ, నమిలి పెట్టిన ఎముకల చుట్టూ మిగిలిన కండా ఏరుకుని, అవే అన్నంలో కలుపుకుంది. మంచి ముక్కలన్నీ పక్కకి నెట్టేసింది.

“ఏటే, రోజూ ఇలాగే తింతావా?” అన్నారు మావగారు మెల్లగా.

“మరెలా తింతారయ్యా!” అని ఆవిడ నవ్వేసింది.

మావగారు కూర గిన్నెలోంచి అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి, అంతమంది చూస్తుండగా, ఆవిడ పళ్ళెంలో వేశారు. అత్తయ్య సిగ్గుతో పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కలకత్తా మావయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నేనైతే ఎవరి వంకా చూడలేదండీ, అత్తయ్య ముద్ద లోపలికి వెళ్ళిందని రూఢి కాగానే మొదలుపెట్టాను. ఆ బేరర్ మా ఇద్దరికీ మళ్ళీ వేడివేడిగా చేపలు తెచ్చాడు, ఆ తర్వాత సూపూ తెచ్చాడు. అలా మేము దొరల భోజనం వెనక నుంచి ముందుకి తిన్నాం, అంత రుచిగల భోజనం నేను మళ్ళీ తినలేదు.

ఇంటికొచ్చాక మావగారు అత్తయ్యకి పక్కనే పీట వేయించారు. ఆవిడ ఛస్తే కూర్చోలేదు. సరే, తను తిన్నాకే తినమన్నారు, కానీ లేచి వెళ్ళడం మానేశారు. చెయ్యి ఎండిపోతున్నా, ఎద్దుల గురించో నీటి వంతు గురించో మాట్లాడుతూ ఆవిడ తినడం అయ్యేదాకా అక్కడే కూర్చునేవారు. ఎదురుగా కూర్చుంటే ముద్ద దిగదని అత్తయ్య విసుక్కునేది, ఆయన ఏ రోజైనా ముందే లేచిపోతే మాత్రం ఆ పూట సరిగ్గా తినేది కాదు.

అత్తయ్య ముందు పోయింది. ఆ తర్వాత కూడా మావగారు భోజనం అయ్యాక చాలాసేపు లేచేవారు కాదు. నేను పళ్ళెం తీయడానికి వెళ్ళి, తీయకుండానే వెనక్కి వచ్చేసేదాన్ని.

ఆ పద్ధతులు పోవడం మంచిదే, నా కూతుళ్ళనీ కోడళ్ళనీ ఒక్కనాడూ ఆగమనలేదు, నేనూ ఎప్పుడో ఆగడం మానేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఆకలేసిన వాళ్ళు ఆకలేసినప్పుడు తింటారు, ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కుంటారు, ఎవరికీ ఏ లోటూ లేదు. అయితే తను తినేశాక కూడా, పక్కవాళ్ళు ఏం తింటున్నారో చూడటానికి మాత్రమే కూర్చునే మనిషి ఒకరుంటే బాగుండునని నాకు ఒక్కోసారి గట్టిగా అనిపిస్తుంది.