మిస్ హెలెన్ అమ్మమ్మ వేసిన సముద్రం

జూన్‌లో ఒక శనివారం పొద్దున్న ఏడున్నరకి అమెరికాలో మేముండే ఐసెలిన్‌లో రైలెక్కాను. పాత దుప్పట్లో చుట్టిన చిన్న పెయింటింగు ఒళ్లో ఉంది. సముద్రపు ఒడ్డు, గొడుగు కింద ఒకావిడ, ఇసుక మీద నీలం నీడ. నీడ ఎక్కడైనా నీలంగా ఉంటుందా!

దాన్ని మా ఆవిడ రత్నకి ఇచ్చింది మిస్ హెలెన్. ఒకప్పుడు మా పక్కింటావిడ, ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉంటోంది. ఆదివారాలు మా తెలుగు చర్చి అయ్యాక రత్న ఆమెకి పప్పుచారు పట్టుకెళ్తుంది. తన అమ్మమ్మ అడా పారిస్ వెళ్లి, ఆరుబయట ఎండలో కూర్చుని పొడిపొడిగా రంగులద్దే పద్ధతి నేర్చుకుందనీ, తిరిగొచ్చి కనెక్టికట్ ఒడ్డున ఈ బొమ్మ వేసిందనీ హెలెన్ చెబుతుంది. ఆ పద్ధతి ఫ్రాన్స్ నుంచి అమెరికాకి ఎలా వచ్చిందో చూపిస్తూ కనెక్టికట్‌లోనే ఒక చిన్న మ్యూజియంలో ప్రదర్శన పెడుతున్నారు. ఇది అడా సొంత బొమ్మేనని తేలితే ఆమె పేరు గోడకెక్కుతుంది. తొంభై దాటిన హెలెన్‌కి మిగిలిన కోరిక అదొక్కటే.

నేను నమ్మలేదు. ఏ ఫ్రెంచి క్యాలెండరో ముందు పెట్టుకుని ఇంట్లోనే దించేసి ఉంటుందనుకున్నాను. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంతా కరెక్టుగా ఉందని ఎవరైనా అంటే నాకు అప్పుడే డౌటు మొదలవుతుంది.

"టీవీనా అన్నా?" అన్నాడు పక్క సీటు తెలంగాణ ఆయన.

"పెయింటింగు."

"ఒరిజినలేనా?"

ఇతనికెందుకట? దుప్పటి ఇంకాస్త బిగించాను.

న్యూయార్క్‌లో రైలు మారాలి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి అరగంట నడక. కనెక్టికట్ రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, అక్కడక్కడా సముద్రం కనిపిస్తుంది. రత్న కట్టిచ్చిన పులిహోర అక్కడే తిన్నాను. పదకొండున్నరకి దిగి, ట్యాక్సీలో మ్యూజియం చేరాను.

బొమ్మలు పరీక్షించే మార్గరెట్ అనే ఆవిడ పెద్ద భూతద్దం కిందికి వంగింది.

"ఈ పద్ధతిలో వేసినవాళ్లు నిజంగానే ఒడ్డున కూర్చుని వేసేవాళ్లు," అంది. "గాలికి ఇసుక లేచి తడి రంగులో అతుక్కుపోయేది. ఇంట్లో కాపీ కొట్టిన బొమ్మకి అది ఉండదు. నేను వెతికేది ఆ ఇసుకనే."

ఇసుకనా! మొన్న గురువారం సాయంత్రం ఇంట్లో ఈ బొమ్మ రంగు మీద చెయ్యి పెడితే గరగరలాడింది. పాత బొమ్మలా కనిపించాలని ఎవరో మట్టి చల్లారనుకున్నాను. ఎంత మోసం! కూర్చుని ఒక్కో నలుసూ గోటితో గీకేశాను. పైన వ్యాక్యూమ్ కూడా పెట్టాను.

"ఇక్కడన్నీ గుంటలే. కొత్తవి. ఎవరైనా శుభ్రం చేశారా?"

"నేనే," అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడ ఫ్రేము విప్పి అంచులన్నీ చూసింది. ఒక్క రేణువూ మిగల్లేదు. "గుంటలో ఏముండేదో నేను చెప్పలేను. బొమ్మ పెడతాం. అడా పేరు పక్కన మాత్రం ప్రశ్నార్థకం వెయ్యాలి."

తిరిగి మధ్యాహ్నం రెండింటి రైల్లో ఎడమవైపు కూర్చున్నాను. ఒడ్డున ఎవరో గొడుగు పాతుకుని కూర్చున్నారు. ఇసుక మీద దాని నీడ నీలంగానే ఉంది. మీరు వెళ్తే ఆ నీడ చూడండి. ఫ్రాన్స్ ఎండలో నేర్చుకున్నది ఇక్కడి ఎండలోనూ నిజమేనని నాకు అప్పటికి గానీ తెలియలేదు.

రత్న ఫోన్ చేసింది. "ఏమన్నారండీ?"

జరిగిందంతా చెప్పాను.

"ఆవిడ అబద్ధం చెప్పదని చెప్పాను కదండీ," అంది. "రేపు పప్పుచారు మీరే పట్టుకెళ్లండి. ఆ ప్రశ్నార్థకం ఎవరు పెట్టించారో కూడా మీరే చెప్పండి."