పెదవికి తెలిసిన పోగు

మా ఆయన లక్ష్మీరాజం వేళ్ళకు స్పర్శ లేదు. ఈ సంగతి నాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. పదమూడేళ్ళ కింద మెడలో గడ్డలు లేస్తే హైదరాబాద్‌లో లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. ఆరు నెలలు సూదిమందు ఎక్కించారు. గడ్డలు కరిగాయి, మనిషి బతికాడు. ఆ మందు మాత్రం పోతూ పోతూ వేలికొసల్లోని స్పర్శను పట్టుకుపోయింది.

"బతికిండు గదా, ఇంకేం గావాలె నీకు?" అంటుంది పక్కింటి లింగవ్వ. ఆమెదేం పోయింది! పొద్దున లేస్తే ఆయన అంగీ గుండీలు పెట్టేది నేను. చాయ్ గ్లాసు కాలుతుందో లేదో చూసి చేతికిచ్చేది నేను. మధ్యాహ్నానికే ఒంట్లో సత్తువ అయిపోయి గోడకు జారగిలబడితే "రాజంకు బద్ధకం బాగయింది" అనేది కూడా ఆ లింగవ్వే. నోరు కదా, ఊరికే వస్తుంది.

ఆదివారం తలస్నానం అయ్యాక మెడ కిందా చంకల్లోనూ గడ్డేమైనా తగులుతుందేమోనని నేనే తడిమి చూడాలి. తన వేళ్ళతో చూసుకుంటే గోలీకాయంత గడ్డ ఉన్నా తెలియదు. నేను "ఏం లేదు" అనేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాడు. నా భయం ఆయనకు కనబడనివ్వను. దీన్ని బాగవడం అంటారట!

ఇక పని సంగతి. మా సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచాకు నూలు చుట్టిన కొత్త బీము ఎక్కించినప్పుడల్లా పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే అతకాలి. రెండు వేల పైచిలుకు కొసలు. వేళ్ళకు బూడిద అద్దుకుని నలిపి మెలివేస్తారు. అతుకు పట్టిందో లేదో వేలే చెప్పాలి. మా ఆయన వేలు చెప్పదు కాబట్టి ప్రతి అతుకునూ కింది పెదవికి ఆనించి చూసుకుంటాడు. వేళ్ళ సంగతి బయటపడితే సాంచాల యజమాని, ఆసామి శ్రీహరి ఆ రోజే ఇంటికి పంపుతాడు. మా ఆయనకు వచ్చిన పని ఈ అతకడమొక్కటే.

ఆ శ్రీహరి తెలివి ఎంత గొప్పదో చెప్పాలి. "రాజమన్న పోగును పెదివికి ఆనిస్తడు, గందుకే ఆయన అతుకు తెగది. మీరు గూడ గట్లనే చెయ్యున్రి!" అని సాంచాల షెడ్డులో అందరికీ హుకుం వేశాడు. మీసాలు నెరిసిన నలుగురు మగాళ్ళు మూతులకు బూడిద పూసుకుని పోగులను ముద్దాడుతుంటే నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియలేదు. ఏడాదిగా ఇదే తంతు. ఒక్కడైనా ఎందుకని అడగడే!

పోయిన నెల కరీంనగర్ నుంచి ప్రవళిక అనే పిల్ల వచ్చింది. ఈ జబ్బు తగ్గి పదేళ్ళు దాటినవాళ్ళు ఎలా బతుకుతున్నారో రాసుకోవడం ఆమె చదువులో భాగమట. ఇంటికి తాళం చూసి తిన్నగా షెడ్డుకే పోయింది. నేను అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి ఆయన ముందు కూర్చుని కాగితాలు తీసింది. పక్కనే శ్రీహరి, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కాలు మీద కాలేసుకుని.

"పేరు రాయను అంకుల్, నంబరే ఏస్త. ఉన్నదున్నట్టు చెప్పున్రి" అంది ఆ పిల్ల. "అలసట ఉంటదా?"

"ఏం లేదు."

"వేళ్ళు తిమ్మిరెక్కుతయా?"

ఆయన శ్రీహరి వైపు చూసి "అస్సల్ లేదు. మంచిగున్న" అన్నాడు. నాకు కడుపు మండిపోయింది. పదమూడేళ్ళు గుండీలు పెట్టిన నా చేతులు ఉత్తవేనా? కానీ నోరు తెరిస్తే ఆయన పని పోతుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ పిల్ల సంచిలోంచి పెన్ను లాంటిది తీసింది. దాని చివర సన్నటి నైలాన్ పోగు. "కండ్లు మూసుకో అంకుల్. ఏలికి ముట్టినప్పుడు చెప్పు."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేను గబగబా వెనక్కి పోయి వీపు మీద చెయ్యి వేశాను. పోగు వేలికి తగిలినప్పుడల్లా వీపు నొక్కాను. "ముట్టింది" అన్నాడు. మళ్ళీ నొక్కాను, "ముట్టింది". మా నాటకం బాగానే నడుస్తోందనుకున్నాను. పోగు కిందికి దిగబోవడం చూసి మూడోసారీ నొక్కాను, ఆయన "ముట్టింది" అన్నాడు. అప్పుడు చూద్దును కదా, పోగు వేలికి జానెడు పైన గాలిలోనే ఉంది! ఆ పిల్ల తల ఎత్తి నన్నే చూస్తోంది.

"ఎట్లుందమ్మా?" అన్నాడు శ్రీహరి.

"మంచిగనే ఉన్నది సార్" అంది గట్టిగా. అని, వేళ్ళ తిమ్మిరి ప్రశ్నకు ఎదురుగా అంతకుముందు పెట్టిన టిక్కు కొట్టేసి, "చాలా ఎక్కువ" అన్న చోట కొత్తగా పెట్టింది. కాగితం నాకు కనబడేలా తిప్పింది. ఏడుపు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. శ్రీహరి మాత్రం ఆ పిల్లకు పోగును పెదవికి ఎలా ఆనించాలో నేర్పిస్తున్నాడు.

ఆమె వెళ్ళాక ఆయన నన్ను బయటికి పిలిచాడు. "ఏం రాసింది?"

"ఉన్నది రాసింది."

"ఇగ నా పని పోయినట్టే."

"అండ్ల నీ పేరేడుందయ్యా? ఉత్త నంబరే. నీ ఆసామికి మూతికి బూడిద పూసుకునుడే ఎరుక, గిదేం సమజైతది!"

ఆయన నవ్వాడు. నవ్వి, నడిబజారులో, నా అరచెయ్యి పట్టుకుని పెదవులకు ఆనించుకున్నాడు. సిగ్గులేని మనిషి! చెయ్యంతా బూడిద. గుంజుకోబోతే వదలలేదు.

"జమునా, నీ చెయ్యి గింత గరుకైందేందే?" అన్నాడు.

పదమూడేళ్ళకు తెలిసింది మహానుభావుడికి.