మేడమ్ గది ముందు మూడు దినాలు

మొన్న పొద్దున్నే గోరంట్ల నుంచి నా కూతురు ఫోన్ చేసింది. "నాయనా, మేడమ్ పోయినారు" అంది. మేడమ్ వాళ్ళింటికి తనూ బయల్దేరుతున్నానని చెప్పింది.

మేడమ్ అంటే అనంతపురంలో నా కూతురికి ఇంటర్లో కెమిస్ట్రీ చెప్పిన లెక్చరరు. నేను పామిడి దగ్గర పల్లెలో వేరుశనగ వేసేవాణ్ణి. మా ఊరి బడిలో ఎంతుంటే అంతే చదివాను. ఆమె గురించి తెలిసింది చెబుతాను.

రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో పాపకు రెండు చోట్ల సీటొచ్చింది. ఒకటి అనంతపురంలోనే మూడేళ్ళ డిగ్రీ. ఇంకొకటి దూరాన విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఎమ్మెస్సీ కలిపి అయిదేళ్ళ చదువు. మధ్యలో మళ్ళీ ప్రవేశపరీక్ష ఉండదు. పాపకు అదే కావాలి. నాకు ఒకటే భయం. మూడేళ్ళకు వానలు మొహం చాటేసి నేను చదివించలేకపోతే, బిడ్డకు డిగ్రీ అయినా ఇస్తారా, ఉత్త ఇంటరుతో ఇంటికి రావాలా? మెట్ట సేద్యం చేసేవాడికి తొందరగా చేతికొచ్చే పంట మీదే నమ్మకం. మూడేళ్ళదే మేలు అనేశాను. ఆ పూట పాప అన్నం ముట్టలేదు.

సరే, మేడమ్‌నే అడుగుదామని కాలేజీకి పోయాను. ఆమె గది ముందు చెప్పులు విడిచి, వరండా చివర బల్ల మీద కూర్చున్నాను. లోపల ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఎవరూ లేనప్పుడు నాకు నోరు రాలేదు. సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చాను. మరునాడూ అంతే. మూడో రోజు ఆమే బయటికొచ్చారు.

"ఏమప్పా, ఈ టైరు చెప్పులు నీవేనా? మూడు దినాల నుంచి చెప్పులు కనపడతాండాయి, మనిషి కనపడడు."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే అడిగేశాను.

"మధ్యలో ఆపితే ఏమిస్తారో నాకూ తెల్దప్పా. తెలిసినట్టు చెప్తే నీ బిడ్డ నష్టపోతాది. యూనివర్సిటీకి రాసి అడుగుదాం."

చదువుకున్నవాళ్ళు తెలియదని అనగా వినడం నాకు అదే మొదలు. ఆమె వచ్చి బల్ల మీద నా పక్కనే కూర్చుని ఉత్తరం రాశారు. చేరే గడువుకు రెండు రోజులుందనగా జవాబొచ్చింది. మూడేళ్ళు పాసైతే ఆపినా డిగ్రీ ఇస్తారట. "ఇది పెట్టెలో పెట్టుకో, ధైర్యానికి" అని నా చేతికిచ్చారు. పాప అయిదేళ్ళ చదువులో చేరింది.

మూడో ఏడు చేను నిలువునా ఎండింది. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని మళ్ళీ మేడమ్ దగ్గరికి పోయాను, మూడేళ్ళు కాగానే పాపను మాన్పించేదానికి. ఆమె కోప్పడలేదు.

"పాప ఏమంటాది?"

"అడగల్యా మేడమ్."

"నన్ను అడిగేదానికి మూడు దినాలు కూచుంటివి. కన్నకూతుర్ని ఒక్క మాట అడగల్యాకపోతివా?"

తల వంచుకుని అక్కడి నుంచే రైలెక్కాను. హాస్టలు ముందు పాపను అడిగాను. "స్కాలర్‌షిప్పుతో ఎట్లనో గడుపుతా నాయనా. నువ్వు అడిగితే చాలని చూస్తాండా" అంది. మిగిలిన రెండేళ్ళూ పూర్తి చేసింది. ఇప్పుడు గోరంట్లలో తనూ కెమిస్ట్రీ లెక్చరరే. ఆ ఉత్తరం ఇంకా నా పెట్టెలోనే ఉంది.

ఆ తర్వాత గది ముందు పాత చెప్పులు కనిపిస్తే మేడమ్ తానే లేచి బల్ల దగ్గరికి వచ్చేవారట. "వాళ్ళు గడప దాటల్యాకపోతే మనం దాటితే ఏం పోతాది?" అనేవారని పాప చెప్పింది.

ఫోన్ వచ్చిన రోజే బుక్కరాయసముద్రంలో మేడమ్ వాళ్ళింటికి పోయాను. గడప దాకా వెళ్ళి, చెప్పులు విడిచి ఆగిపోయాను. లోపల అంతా తెలియని మనుషులు. వెనక్కి తిరిగి గోడవారగా కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో, పాప వచ్చి ముందర నిలబడింది.

"ఆడ నీ చెప్పులు చూసినా నాయనా. లోపలికి పోలేదు గదా?"

తల అడ్డంగా ఊపాను. నా చెయ్యి పట్టుకుని లేపింది. గడప దాటుతూ ఒకసారి వెనక్కి చూశాను. అన్ని చెప్పుల మధ్య నా టైరు చెప్పులు, వాటిని ఆనుకుని పాప చెప్పులు.