శనివారం గేటు దాటని నూనె: మణికొండ నుంచి బాలానగర్ దాకా

ఆసక్తితో వెళ్ళానని రాస్తే అబద్ధమవుతుంది. కుళ్ళుతో వెళ్ళాను. స్వప్న నిన్నమొన్నటి దాకా మా టీమ్‌లో నా పక్క సీటు. ఉద్యోగం మానేసి, హోటళ్ళలో మాడిన నూనె పోగుచేసి బయోడీజిల్ తయారీకి పంపుతోంది. ఇప్పుడు నేను రోజూ ఎక్కే ఆఫీసు బస్సు ఆ బయోడీజిల్ కలిపిన ఇంధనంతోనే నడుస్తోంది! ఎవరి నోట విన్నా స్వప్న పేరే. మా క్యాంటీన్ నూనె కూడా తనకివ్వాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మా అడ్మిన్ మేనేజరు, "మీరు స్నేహితులు కదండీ, ఒకసారి చూసొచ్చి చెప్పండి. మీరెలా అంటే అలా" అన్నారు. ఆ మాటకు నా కడుపు ఎంత చల్లబడిందో చెప్పలేను.

శనివారం ఉదయం ఏడింటికి మణికొండలో మా అపార్ట్‌మెంట్ ముందు స్వప్న వ్యాను ఆగింది. ఖాజాగూడ టిఫిన్ సెంటర్లు, హైటెక్ సిటీ క్యాంటీన్లు తిరిగాం. పదేపదే కాగి నల్లబడ్డ నూనె అది. సింకులో పోస్తే గొట్టాలు మూసుకుపోతాయి, బండ్లవాళ్ళకు అమ్మితే మళ్ళీ మన బజ్జీల్లోకే వస్తుంది. వెళ్ళినచోటల్లా వంటమాస్టర్లు "స్వప్నమ్మా, చాయ్ తాగి పో" అని కూర్చోబెట్టారు. ఇన్నేళ్ళుగా తింటున్న మా క్యాంటీన్‌లో నా పేరైనా ఎవరికీ తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నానికి బాలానగర్‌లోని తయారీ కేంద్రానికి చేరాం. గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా, ఇయ్యాల శనివారం గద! నూనె లోపలికి తెస్తే సేటు ఊకుంటడా? మీరు రాండ్రి, డబ్బాలొద్దు."

శనివారం నూనె ఇంటికి తేకూడదని మా అమ్మమ్మ అనేది సరే, ఫ్యాక్టరీకి కూడానా! స్వప్న నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం లోపల పండగే. సరుకు సమయానికి దించలేకపోయిందని ఒక్క ముక్క చెబితే చాలు, క్యాంటీన్ తన చేతికి రాదు.

డబ్బాలు వ్యానులోనే వదిలి లోపలికెళ్ళాం. నూనె వడకట్టి, కాచి, నీరు పోగొట్టి, ఆల్కహాల్, క్షారం కలుపుతారు. జిగట గ్లిసరిన్ అడుగుకు దిగుతుంది, పైన తేలినదాన్ని శుభ్రం చేస్తే బయోడీజిల్. భూమిలోంచి తోడక్కర్లేదు, దీనికోసం పంట వేయక్కర్లేదు. తేనెరంగు బయోడీజిల్ నింపిన సీసా ఒకటి చేతిలోకి తీసుకుంటే, ఇది నాకెందుకు తట్టలేదా అని ఏడుపొచ్చింది.

"శనివారం ఎందుకు పెట్టావే?" అన్నాను బయటికొచ్చాక.

"ఎప్పుడూ బుధవారమే వస్త. నీకు సెలవు శనివారమే గదనే! నువ్వొస్తున్నవన్న ఖుషీల శనివారం సంగతే మర్శిన," అంది. "ఇగ ఇంటికి తీస్కపోతే మా అమ్మ గడప తొక్కనియ్యదు. గీ డబ్బాలు యాడ పెట్టాల్నో, పరేషాన్ అయితుంది."

నా నోరు నా మాట వినలేదు. "మా సెల్లార్‌లో నా పార్కింగ్ ఖాళీయేగా, పెట్టు" అన్నాను.

సాయంత్రం మేనేజరుకు ఫోన్ చేసి "ఇచ్చేయండి సార్" అన్నాను. కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. సోమవారం బస్సెక్కగానే మళ్ళీ మొదలవుతుందని నాకు తెలుసు. కానీ నా కోసం పొరపాటు చేసిన మనిషిని ఆ పొరపాటుతోనే కొట్టడానికి చెయ్యి రాలేదు. మీరు వెళ్ళాలనుకుంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బాలానగర్‌లో దిగి ఆటో పట్టుకోండి. శనివారం మాత్రం వద్దు. వద్దని చెప్పడానికి వెళ్ళిన నేను, శనివారం పూట ఆమె నూనెనంతా నా ఇంటికే తెచ్చుకున్నాను.