ఐలయ్య మేస్త్రీ సంతకం

మడికొండలో మేముంటున్న కొత్త ఇంటికి నిన్న ప్లంబరు వచ్చాడు. వంటింటి కుళాయి కింద కూర్చుని చిన్న డబ్బా మూత తీశాడో లేదో, అవిసె నూనె ఘాటు గదంతా పరుచుకుంది. పైపు మరలకు నూలు దారం చుట్టి, నీరు కారకుండా దాని మీద పూసే తెల్లటి సఫేదా వాసన అది. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ వాసన తగిలినప్పుడల్లా నా కళ్ళ ముందు ఒక మనిషి నిలబడతాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, మోచేతుల దాకా మడిచిన ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు ముక్క. మా శాఖ వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసిన ఐలయ్య మేస్త్రీ. ఆయన కింద నేను పనిచేయలేదు, కాగితం మీద ఆయనే నా కింద పనిచేశాడు. కానీ ఉద్యోగంలో నేను నేర్చుకున్న దాంట్లో నిలిచిందేమైనా ఉంటే అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అరవైల నడిమి సంవత్సరాలవి. నాకు ఇరవై నాలుగేళ్ళు. వరంగల్ బజారులో మా నాన్నది బట్టల దుకాణం. గజంబద్ద పట్టుకోవడం ఇష్టం లేక డిప్లొమా చదివి, చెరువుల పనులు చూసే శాఖలో ఓవర్సీరుగా చేరాను. సుబేదారిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. యాభై దాటిన ఐలయ్యను మొదటి రోజు నుంచే ‘నువ్వు’ అని పిలిచాను. అందరు ఓవర్సీర్లూ అలాగే పిలిచేవాళ్ళు. ఆయన మాత్రం నన్ను ‘సారూ’ అనీ ‘మీరు’ అనీ అనేవాడు. ఆయనది తొర్రూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. బియ్యం మిల్లుల్లో నూనె ఇంజన్లు బాగుచేస్తూ పని పట్టుబడిన మనిషి. చదువు లేదు. తెలుగులో పేరు రాయడం మాత్రం వచ్చు.

పాకాల చెరువు మీద తిరగడానికి మా శాఖకు ఒక మోటారు పడవ ఉండేది. వానాకాలంలో కట్టను, తూములను నీటి వైపు నుంచి చూడటానికి, అవతలి పల్లెలకు దారి తెగితే మనుషులను దాటించడానికి అదే దిక్కు. అప్పటికి మా వైపు అలాంటి పడవను చూసినవాళ్ళు లేరు. దాని ఇంజను లోపల, వెనక భాగంలో ఉంటుంది. ఇంజను కాలు మాత్రం వెనక పలకను దాటి బయటికొచ్చి నీళ్ళలోకి దిగుతుంది. ఆ కాలి చివర పంకా. ముందు కూర్చున్నవాడు చక్రం తిప్పితే ఆ కాలు పక్కకు తిరగాలి, అప్పుడే పడవ మలుగుతుంది. చక్రానికీ కాలికీ మధ్య కప్పీల మీదుగా వెళ్ళే సన్న ఇనుప తాడు ఉండేది. అది సాగిపోయి, చక్రం పావు వంతు తిప్పినా పడవ తన దారిన తాను పోయేది. ఆ సంవత్సరం ఎండాకాలం చివర కొత్త స్టీరింగు సామాను చెక్కపెట్టెలో వచ్చింది. కొత్త చక్రం, తోసినా లాగినా పనిచేసే లావాటి కేబులు ఒకటి, ఆ కేబులు కొసను కదలకుండా పట్టుకునే ఇనుప బ్రాకెట్టు, బోల్టులు, ఇంగ్లీషులో అచ్చు వేసిన నాలుగు పేజీల కాగితం. బిగించే బాధ్యత నాకు అప్పగించారు.

చెరువు కట్ట కింద పడవను దుంగల మీదికి ఎక్కించి, నేను కాగితం చదువుతుంటే ఐలయ్య పని చేశాడు. చక్రం బిగిసింది, కేబులు పడవ పక్కనుంచి చక్కగా వెనక్కి సాగింది. బ్రాకెట్టును వెనక పలకకు లోపలి వైపున బిగించాల్సిన సమయానికి ఆయన ఆగాడు. సుత్తి పిడితో పలక మీద అంగుళం అంగుళం కొడుతూ, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

“సారూ, జర ఇటు రాండ్రి. ఈడ కొడితే టక్కుమంటాంది. ఈడ బొద్దుమంటాంది. పాత కప్పీల బెజ్జాలకెల్లి నీళ్ళు తాగి లోపట కట్టె పుచ్చింది. గిది కోసి టేకు ముక్క ఎయ్యాలె, ఎనుక ఇనుప రేకు పెట్టాలె. మూడు దినాల పని.”

పెద్ద ఇంజనీరు గారు మర్నాడే పడవ చూడటానికి వస్తున్నారు. అంతా సిద్ధమని నేను కబురు పంపేశాను. పైకి ఆ పలక రంగు వేసి నిగనిగలాడుతోంది. “కాగితంలో నాలుగు బోల్టులు వేయమనే ఉంది. వెయ్యి,” అన్నాను.

ఆయన నా ముఖంలోకి కాసేపు చూశాడు. “మీరు ఎయ్యమంటె ఏస్త. గని రేపు పడవ తోలేటప్పుడు నేను కూసుంట, మీరు గూడ కూసోవాలె.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఫిట్టరు నాకు షరతు పెట్టడమా? “కూర్చోవడమేమిటి, చక్రం నేనే పడతాను,” అన్నాను.

మర్నాడు పదింటికి పెద్ద ఇంజనీరు గారు కట్ట మీద గొడుగు కింద నిలబడ్డారు. నేను చక్రం పట్టాను, ఐలయ్య వెనక ఇంజను పక్కన కూర్చున్నాడు. మొదటి చుట్టు ఎంతో హాయిగా సాగింది. వేలితో చక్రాన్ని కదిపితే పడవ మాట వింటోంది. ఆ సంతోషంలో వేగం పెంచి, తూము దగ్గరికొచ్చాక పడవను గట్టిగా మలిపాను. వెనక ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. చక్రం నా చేతుల్లో వట్టిగా తిరిగింది. బోల్టులు తమతో పాటు పలక ముక్కను కూడా ఊడబెరికాయి. పడవ తిన్నగా తూము రాతి గోడ మీదికి పోతోంది.

“ఇంజను బందు చెయ్యుండ్రి సారూ!” అని ఐలయ్య అరిచాడు. వినపడింది. చెయ్యి కదలలేదు. ఆయన బోర్లా పడి, ఊగుతున్న బ్రాకెట్టును ఎడమ చేత్తో పలకకేసి అదిమి, కుడిచేత్తో కేబులు కొసను ఒక్క గుంజు గుంజాడు. పడవ ముక్కు మూరెడు దూరంలో గోడను తప్పించుకుంది. అప్పటికి నాకు చెయ్యి ఆడింది, ఇంజను ఆపాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎడమ చేతి రెండు వేళ్ళు బ్రాకెట్టుకూ పలకకూ మధ్య నలిగి ఉన్నాయి.

పెద్ద ఇంజనీరు గారు జీపెక్కుతూ, “ఏం జరిగిందో సాయంత్రానికి రాసివ్వు. అతని సంతకం కూడా తీసుకో,” అన్నారు. ఆ మధ్యాహ్నం నేను రాసిన వాక్యం ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఫిట్టరు బోల్టులను సరిగా బిగించనందువల్ల బ్రాకెట్టు ఊడిందని ఇంగ్లీషులో రాశాను. పుచ్చిన కట్టె మాట రాయలేదు. రాస్తే, తెలిసీ ఎందుకు బిగించావని అడుగుతారు. కాగితం పట్టుకుని దవాఖానకు వెళ్ళాను. ఎడమ చేతికి కట్టుతో ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

“ఏం రాసిండ్రు సారూ?” అని అడిగాడు.

“జరిగిందే రాశాను,” అన్నాను.

ఆయన కాగితాన్ని తొడ మీద పరుచుకున్నాడు. కుడిచేత్తో, ఒక్కో అక్షరమూ దిద్దుతున్నట్టుగా ‘ఐలయ్య’ అని రాసి ఇచ్చాడు.

పదిరోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున సుబేదారిలో నా గది తలుపు తట్టాడు. చేతిలో ఆఫీసు కవరు. “గిది ఇంటికొచ్చింది. మా ఇంట్ల ఎవలకు ఇంగ్లీషు రాదు. మీరు సదువుకున్నోళ్ళు, జర చెప్పుండ్రి,” అన్నాడు.

పని నుంచి తప్పిస్తున్నట్టు నోటీసు అది. కారణం కింద నా వాక్యమే ఉంది. ఏదో ఒకటి చెప్పి పంపించవచ్చని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ కట్టు కట్టిన చెయ్యి నా బల్ల మీదే ఉంది. మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చదివాను. ఆ మాటలు మొదట రాసింది నేనేనని కూడా చెప్పాను. బయట ఎవరో సైకిలు గంట కొడుతూ పోయారు.

“బోల్టు నేను మంచిగనే బిగించిన,” అన్నాడు చివరికి. “కట్టె పుచ్చిందని గిండ్ల లేదా?”

“లేదు.”

“కోపం లేదని చెప్ప సారూ. ఉన్నది. సంతకం పెట్టంగ మీ మొకం చూసి పెట్టిన. గని పడవ సంగతి చెప్పుండ్రి. బోల్టు తప్పని రాస్తిరి. రేపు ఇంకొకడొచ్చి కొత్త బోల్టులు తెచ్చి గదే పుచ్చుకట్టెకు బిగిస్తడు. వానలు వస్తానయి. అండ్ల కూసునేటోళ్ళకు ఎవలు చెప్తరు?”

నా అబద్ధం ఒక మనిషికి అన్యాయం చేసిందని అప్పటికే నాకు తెలుసు. అది పడవలోని పుచ్చును కూడా కప్పిపెట్టిందని మాత్రం ఆయన చెప్పేదాకా తోచలేదు. తన కూడు పోగొట్టిన కాగితం చేతిలో పెట్టుకుని ఆయన ఆలోచిస్తున్నది ముక్కూ మొహం తెలియని మనుషుల గురించి. “మీరు కూర్చోండి మేస్త్రీ,” అన్నాను. ఆయనను ‘మీరు’ అనడం అదే మొదలు. ఆయన కూర్చోలేదు.

సోమవారం పెద్ద ఇంజనీరు గారి ఎదుట నిలబడి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “రెండో రిపోర్టు రాయి. దాని మీద నీ సంతకం ఒక్కటే చాలు,” అన్నారు. ఐలయ్య తిరిగి పనిలోకి వచ్చాడు. నా ఫైల్లో హెచ్చరిక ఒకటి చేరింది. నా ఉద్యోగం పోకుండా నిలబడటానికి కారణం పెద్ద ఇంజనీరు గారి దయే తప్ప నా యోగ్యత కాదు.

పడవ పని మళ్ళీ మొదలుపెట్టాము. ఐలయ్య ఎడమ చేతి వేళ్ళు రెండూ వంగడం మానేశాయి. అందుకని ఇంజను పక్కనున్న ఇరుకులో పడుకుని, ఆయన బయటినుంచి బోల్టు తిప్పుతుంటే లోపల నట్టు కదలకుండా నేను పట్టుకునేవాణ్ణి. పుచ్చిన భాగం మొత్తం కోసేశాము. టేకు ముక్కను సందు లేకుండా కూర్చి, దాని వెనక అరచేయి వెడల్పున ఇనుప రేకు పెట్టాము. ఐలయ్య ప్రతి బెజ్జంలోనూ సఫేదా కూరాడు, ప్రతి బోల్టుకూ రెండేసి నట్లు వేయించాడు. ఆ మూడు రోజులూ ఆయన పని మాటలే మాట్లాడాడు. “జర పైకి. ఆగుండ్రి. ఇగ బిగిస్తాన, పట్టుకోండ్రి.” నన్ను క్షమించాడో లేదో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. అడిగి ఉంటే అది కూడా ఆయన మీద మోపిన మరో బరువు అయ్యేది.

ఆ వానాకాలంలో ఒకనాటి మధ్యాహ్నం, చెరువు ఎగువన నాటు వేయడానికి వెళ్ళిన తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఒక మిట్ట మీద చిక్కుకుపోయారు. చుట్టూ నీరు గంటగంటకూ ఎక్కుతోంది. మిట్టకు వెళ్ళే దారి నిండా మునిగిన చెట్ల మోళ్ళు. పాత తాడుతో అయితే అటు పోవాలన్న ఆలోచనే చేసేవాళ్ళం కాదు. ఐలయ్య చక్రం పట్టాడు, నేను ముందు వెదురు గడతో కూర్చుని మోళ్ళను చూసి చెప్పాను. ఆయన చక్రాన్ని బెత్తెడు తిప్పితే పడవ బెత్తెడే జరిగేది. మూడుసార్లు పోయి, ముగ్గురేసి చొప్పున అందరినీ తెచ్చాము. చివరిసారి ఒడ్డుకు చేరాక ఒక ముసలమ్మ, “ఎవల కొడుకువు బిడ్డా, సల్లగుండు,” అని నా గడ్డం పట్టుకుంది. తలెత్తలేక ఐలయ్య వైపు చూపించాను. ఆయన అప్పటికే వెనక వంగి, బ్రాకెట్టు కదిలిందేమోనని వేళ్ళతో తడిమి చూస్తున్నాడు.

తర్వాత నాకు వేరే ఊళ్ళకు బదిలీలయ్యాయి. ఆయన పోయిన సంగతి నెల దాటాక తెలిసింది. తొర్రూరు వెళ్ళి ఆయన భార్యను కలిశాను. నేనెవరో చెప్పుకుంటే, “పడవ సారువా? నీ గురించి చెప్పేటోడు,” అంది. ఏం చెప్పేవాడని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె ఇచ్చిన చాయ తాగి వచ్చాను.

ఉద్యోగం ఉన్నంతకాలం ఎవరి సంతకమైనా తీసుకునే ముందు, కాగితంలో ఉన్నది వాళ్ళ భాషలో పైకి చదివి వినిపించేవాణ్ణి. తోటి ఇంజనీర్లు నవ్వేవాళ్ళు, పని ఆలస్యమవుతోందని పై అధికారులు విసుక్కునేవాళ్ళు. చాలామంది వినకుండానే తలూపి సంతకం పెట్టేవాళ్ళు. పదవీ విరమణకు కొన్ని నెలల ముందు, ఒక తూము తలుపు విరిగిన సంగతి మీద వాచ్‌మన్ వాంగ్మూలం తీసుకున్నాను. రెండు పేజీలు. నేను చదువుతూ ఉంటే సగంలో అతను చెయ్యి అడ్డం పెట్టి, “గట్ల కాదు సారూ, నేను జెప్పింది గది కాదు,” అన్నాడు. గదిలో ఉన్న గుమాస్తాలు బిక్కచచ్చిపోయి నా వైపు చూశారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆ రెండు పేజీలూ చింపేసి, కొత్త కాగితం తీసి, “ఎట్లనో చెప్పు తమ్మీ,” అన్నాను.