ఇరవై ముఖాల పాచిక

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. గుంటూరు నుంచి చీరాల వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు, ఇరవై ముఖాలున్న పాచికను అదేపనిగా వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. నేను ఎనిమిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టినవాణ్ణి. నోరు ఊరుకుంటుందా?

"ఏం తమ్ముడూ, సోది చెప్తావా?" అన్నాను.

నవ్వాడు. "కథలాటండీ. ఫ్రెండ్సందరం తలా ఒక వీరుణ్ణి పెట్టుకుని, కథ చెప్పుకుంటూ ఆడతాం. రెండేళ్ళుగా బతికొచ్చిన నా వీరుడు ఇప్పుడు కొండ అంచున తాడుకి వేలాడుతున్నాడు. ఒకటి పడితే పోతాడు. ఊరెళ్ళొచ్చేలోపు వేసి రమ్మన్నారు. నాకు చెయ్యి రావట్లేదు, మీరెయ్యండి."

"నాది బోణీకి కలిసొచ్చే చెయ్యి. మిర్చి యార్డులో ఎవర్నైనా అడుగు" అంటూ అతని టిఫిన్ మూతలో వేశాను.

ఒకటి పడింది.

"బస్సు కుదిపిందిలే, మళ్ళీ వేస్తా. ఎవరు చూశారు?"

"పడింది పడిందేనండి. ఎలా పోయాడో వేసినవాళ్ళే చెప్పాలి. అదీ మా రూలు."

ఏదో అని నవ్వించబోయాను. అతని మొహం చూసి మానుకున్నాను.

"అదే తాడుకి పైన అతని స్నేహితుడున్నాడు" అన్నాను మెల్లగా. "తాడు ఇద్దర్నీ మొయ్యలేకపోయింది. మీవాడు తన తల మీది తాడు తనే కోసేసుకున్నాడు."

బాపట్లలో అతను పాచిక జేబులో వేసుకుని దిగడానికి లేచాడు. మెట్ల మీంచి వెనక్కి తిరిగి, "మావాళ్ళకీ ఇలాగే చెప్తానండి" అన్నాడు.

నా మాటలకు నవ్వినవాళ్ళు బోలెడుమంది. ఆ వీరుడి కోసం ఒక్కరైనా ఏడ్చారో లేదో మాత్రం, ఆ దారిన బస్సెక్కినప్పుడల్లా తెలుసుకోవాలనిపిస్తుంది.